చింతచెట్టు దులపబోయే మనవడికి

నాయనా,

ఆదివారం పిల్లాజెల్లాతో చింతకాయలు దులపడానికి వస్తా ఉండారని మీ అమ్మ చెప్పింది. బెంగళూరులో పావుకిలో లెక్కన చింతపండు కొనుక్కునే నువ్వు మన చేనిగట్టు చెట్టు కిందికి వస్తావంటే కడుపు నిండిపోయింది. నిద్ర మాత్రం పట్టలేదు.

కాయను ఊపి చూడు. పెంకు వదిలి గలగలమంటే పండినట్టు. పట్టలు పరుచుకోండి. సద్ది, నీళ్లు మరిచిపోవద్దు. మంచు ఆరినాకే చెట్టు ముట్టండి, తడి మాను జారుతుంది.

ఆ జారుడు సంగతే చెప్పాల.

నాకప్పుడు 13 ఏళ్లు. చెట్టుమీద మా తమ్ముడు, కింద బుట్టతో నేను. పక్కింటి పిల్ల బుట్ట నాకంటే ముందు నిండిపోతా ఉంది. "ఆ కొసన ఇంకో గుత్తి ఉంది గదరా, కనపడలేదా?" అన్నాను. వాడు కాలు చాపినాడు. చింతకొమ్మ అంత తేలిగ్గా విరగదు, పెద్దోళ్లు మమ్మల్ని ఎక్కనిచ్చేదీ ఆ ధైర్యంతోనే. కొమ్మ విరగలేదు. వాడి కాలే జారింది. కింద పట్ట ఉంది గదా అంటావేమో. పట్ట కాయలకు, మనిషికి కాదు.

ఎడమ ముంజేయి వంకరపోయింది. చంద్రగిరి దాకా ఎద్దులబండి, ఆడినుంచి బస్సులో తిరుపతి మీదుగా, విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరు. కోడిగుడ్డు తెల్లసొన, ఆకుపసరు పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టినారు. తిరిగొచ్చేటప్పుడు వాడు నా పావడ పట్టుకొని, "అక్కా, ఆ గుత్తి రాలిందా?" అని అడిగినాడు.

రాలలేదు. రాలిందని చెప్పినాను.

మీరంతా నవ్వుతా పిలిచే పుత్తూరు తాత వాడే. నేను చెప్తే కాలు చాపినానని ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఇదే మొదలు.

అందుకే, కింద నిలబడి పైకి వేలు చూపించేవాళ్లు ఒక్కరు కూడా ఉండకూడదు. నీ పెండ్లాంకూ చెప్పు. అందింది దులపండి, అందనిది చిలకలకు వదిలేయండి. పిల్లలు పట్టమీదికి వచ్చేది నువ్వు దిగినాకే. ఫోన్లో బొమ్మలు తీసుకుంటా మొగాలు పైకెత్తుకొని నిలబడితే కండ్లలో పొట్టు పడుతుంది, తెలివిమాలినోడా! దోటితో కొమ్మను ఊపు, బాదొద్దు. లేత రెమ్మలు పోతే చింతచిగురు పప్పు యాణ్ణుంచి వస్తుంది? నీకోసమే వండేది.

కాయలను రాత్రి బయట వదలొద్దు, మంచుకు నల్లబడతాయి. పెంకు కొట్టి, ఈనెలు, గింజలు తీసే పని మీ వల్ల కాదు, మూటలు నా దగ్గరికి తెచ్చేయ్. గింజలు దాచిపెడతా, పిల్లలకు వామనగుంటలు నేర్పించాల.

పొద్దు గుంకకముందే ఫోన్ చెయ్యి. అందరూ నేలమీద ఉండారని ముందు చెప్పు. ఎన్ని మూటలైనాయో తర్వాత.

మీ అవ్వ