పైపులో బర్లీ: మేనల్లుడికి ఒక ఉత్తరం

లెక్సింగ్టన్, కెంటకీ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొత్త పైపు ఫొటో చూశాను. దాని కింద నువ్వు రాసిన రెండు ఫిర్యాదులూ చదివాను. ప్రిన్స్ ఆల్బర్ట్ పొగాకు వెలిగిస్తే నాలుక మండుతోందని ఒకటి, మండటం తప్ప రుచీ పచీ తెలియడం లేదని రెండోది. రెండింటికీ కారణం ఒక్కటే. సిగరెట్టు అలవాటుతో నువ్వు పైపును లాగుతున్నావు. ఆ డబ్బాలో ఉన్నది బర్లీ అనే రకం పొగాకు. బర్లీ ఆకు తొందరపడేవాడికి తన రుచి చూపించదు. ఎందుకు చూపించదో, ఏం చేస్తే దారికి వస్తుందో చెబుతాను, తీరిగ్గా చదువు.

దానికంటే ముందు ఒక మాట. నువ్వు ఎన్నడూ పొగ తాగనివాడివైతే ఈ ఉత్తరం రాసేవాడిని కాదు, ఆ పైపును షోకేసులో పెట్టుకోమని చెప్పి ఊరుకునేవాడిని. పైపు సిగరెట్టంత చెడ్డది కాదులే అనే కబుర్లు నమ్మకు. పొగ ఊపిరితిత్తుల్లోకి దించకపోయినా నోరు, పెదవి, గొంతు క్యాన్సర్లు పైపు తాగేవాళ్లకూ వస్తాయి. పైగా గాలికి ఆరబెట్టిన బర్లీలో నైట్రేట్లు ఎక్కువ. వాటినుంచి పుట్టే నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు వర్జీనియా అనే మరో రకం పొగాకులో కంటే ఇందులోనే ఎక్కువ. నికొటిన్ పట్టుకుంటే వదలడం ఎంత కష్టమో నీకు నేను చెప్పనక్కరలేదు. కాబట్టి దీన్ని పండగ వంటకంలా అరుదుగా ఉంచుకో, రోజువారీ చేసుకోకు. ఇంట్లో పాప ఉంది కనుక వెలిగించేది ఆరుబయటే. మానేయాలనిపిస్తే అంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు. ఈ సంగతి ఒకసారి గట్టిగా చెప్పాను కాబట్టి, ఇక పేరాకోసారి గుర్తుచేసి విసిగించను.

ఇప్పుడు ఆకు సంగతికి వద్దాం. నువ్వుండే సిన్సినాటికి ఆగ్నేయంగా, ఒహాయో నది ఒడ్డున బ్రౌన్ కౌంటీ ఉంది. 1864లో అక్కడ జార్జ్ వెబ్, జోసెఫ్ ఫోర్ అనే ఇద్దరు కౌలు రైతులు నది అవతలి కెంటకీ నుంచి తెచ్చిన విత్తనంతో నారు పోస్తే, కొన్ని మొక్కలు పాలిపోయిన రంగులో మొలిచాయి. తెగులేమో అనుకోవలసిన వాలకం. కానీ అది తెగులు కాదు, ఆకులో పత్రహరితం తక్కువగా ఉన్న కొత్త రకం. దాన్నే తెల్ల బర్లీ అన్నారు. కొద్ది ఏళ్లలోనే ఒహాయో, కెంటకీ రైతులు పాత రకాలు వదిలి దీని వెంట పడ్డారు. ఎప్పుడైనా ఆదివారం కారు తీసి నది పక్క రోడ్డున రిప్లీ దాకా వెళ్లి రా. నీ డబ్బాలో ఉన్న ఆకు పుట్టిల్లు ఆ ప్రాంతమే.

మన ప్రకాశం జిల్లా వర్జీనియా ఎలా తయారవుతుందో నీకు తెలుసు. ఆకును కర్రలకు కట్టి, బ్యారన్ అనే ఆరబెట్టే గదిలోకి ఎక్కించి, వేడి పెడితే వారం తిరిగేలోగా పసుపు తేలి ఆరిపోతుంది. త్వరగా ఆరుతుంది కనుక చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. బర్లీకి ఈ హడావుడి లేదు. ఇక్కడ మొక్కను మొదలంటా నరికి, ఒక్కో కర్రకు అయిదారు మొక్కలు గుచ్చి, ఎత్తయిన చెక్క కొట్టంలో అంతస్తులు అంతస్తులుగా వేలాడదీస్తారు. నిప్పు రాజేయరు. కొట్టం గోడల పొడవునా సన్నటి నిలువు తలుపులుంటాయి. తేమను బట్టి వాటిని తెరుస్తూ మూస్తూ నెలా రెండు నెలలు ఓపిక పడతారు. కోసిన ఆకు వెంటనే చావదు. కొన్నాళ్లపాటు ఊపిరి పీలుస్తూ, తనలోని పిండినీ చక్కెరనూ తానే తినేస్తుంది. చివరికి గోధుమరంగు ఆకు మిగులుతుంది, తీపి మిగలదు. శీతాకాలం మొదట్లో చల్లని తేమ గాలి తగిలి ఆకు మెత్తబడిన రోజున కిందికి దించి, కాడల నుంచి ఆకులు ఒలుస్తారు. పొడి రోజున చెయ్యి పెడితే ఆకు పొడిపొడిగా రాలిపోతుంది.

నీ రెండో ఫిర్యాదుకు జవాబు ఇక్కడే ఉంది. వర్జీనియా పొగాకులో ఉండే తీపిని నువ్వు బర్లీలో వెతుకుతున్నావు. అది అందులో లేదు. ఉన్నది పొడి రుచి: వేయించిన పల్లీల వాసన, దాని అడుగున చక్కెర వేయని కోకో చేదు, కొంచెం మట్టి. చేతికి గరుకుగా తగిలే ఈ ఆకులో సందులు ఎక్కువ కావడంతో, తయారీలో పోసే అతిమధురం, కోకో, చక్కెర పాకం వంటి వాటిని లోపలిదాకా పీల్చుకుంటుంది. డబ్బా మూత తీయగానే వచ్చే తియ్యని వాసన ఆ పాకానిది, ఆకుది కాదు. పైపులో మొదటి మూడో వంతు కాలేసరికి ఆ పై పూత పోతుంది. ఆ తర్వాత వచ్చేదే బర్లీ. చాలామంది సరిగ్గా అక్కడే, వాసన తగ్గిందని చెప్పి, ఇంకా గట్టిగా లాగి నోరు కాల్చుకుంటారు.

మన పర్చూరు, వినుకొండ వైపు వేసే నల్ల బర్లీతో దీన్ని కలపకు. అది వేరే రకం, ఘాటు వేరు, వాడకం వేరు. 2025లో దాన్ని కొనే నాథుడు లేక ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చిన గొడవ నువ్వూ వార్తల్లో చదివే ఉంటావు. ఇక్కడి రైతుకూ కష్టాలు లేకపోలేదు. ఒకప్పుడు లెక్సింగ్టన్ గోదాముల్లో బర్లీ వేలంపాటలు జోరుగా సాగేవి. 2004 చట్టంతో, ఎవరెంత పండించాలో చెప్పే కోటాల పద్ధతి ముగిసింది, పాట పాడేవాళ్లూ చాలావరకు పోయారు. ఇప్పుడు కంపెనీతో ముందే ఒప్పందం రాసుకుని పండించేవాళ్లే ఎక్కువ.

ప్రిన్స్ ఆల్బర్ట్‌తో మొదలుపెట్టడం మంచి పనే. 1907లో నార్త్ కరోలినాలోని రెనాల్డ్స్ కంపెనీ దాన్ని తెచ్చింది, పేరు ఏడవ ఎడ్వర్డ్ రాజు యువరాజుగా ఉన్నప్పటిది. ఇక్కడి పిల్లలు మందుల షాపుకు ఫోను చేసి, “మీ దగ్గర డబ్బాలో ప్రిన్స్ ఆల్బర్ట్ ఉన్నాడా? అయితే పాపం, బయటికి వదలండి” అని ఆటపట్టించేవారు. కార్టర్ హాల్, గ్రేంజర్, సర్ వాల్టర్ రాలీ అన్నీ ఆ కోవకే చెందుతాయి: మందుల షాపులో, కిరాణా కొట్టులో మామూలు మనిషి కొనుక్కున్న సరుకు. ఎడ్జ్‌వర్త్ పొగాకు చేసిన రిచ్‌మండ్ కంపెనీకైతే 1925 నుంచి సొంత రేడియో స్టేషనే ఉండేది. ఖరీదైన డబ్బాల మీద కవిత్వం రాసేవాళ్లు ఈ పొగాకులను చిన్నచూపు చూస్తారు. చూడనీ. ఏడాది పొడవునా ఒకే రుచి ఇచ్చి, ఏ పైపులోనైనా ఒదిగిపోయే పొగాకు చేయడం అంత తేలిక కాదని నా అభిప్రాయం.

ఇక చేతిపని. పౌచ్ విప్పగానే పైపులో కూరకు. వీటిలో తేమ ఆరిపోకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ వంటివి కలుపుతారు, కాబట్టి చూడటానికి బాగానే ఉన్నా లోపల చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మే ఆవిరై నీ నాలుకను కాలుస్తోంది. ఒక పైపుకు సరిపడా తీసి తెల్ల కాగితం మీద పలుచగా పరిచి, అరగంట వదిలెయ్. చలికాలం హీటర్ నడుస్తుంటే పావుగంట చాలు. తర్వాత బొటనవేలితో నొక్కి వదులు. ముద్దగా ఉండిపోతే ఇంకా ఆరాలి. మెల్లగా విడివడితే సరిపోయింది. పొడి అయి రాలితే ఎక్కువ ఆరింది, దాన్ని కాలిస్తే రుచి ఎగిరిపోయి వేడే మిగులుతుంది.

ప్రిన్స్ ఆల్బర్ట్ కోత పొట్టిది, నలిగినట్టు ఉంటుంది. దాన్ని వేలితో కుక్కితే గట్టి పడిపోతుంది. చిటికెడు చిటికెడు వదులుగా రాల్చి, పైపు పక్కన వేలితో తట్టు, దానంతట అది సర్దుకుంటుంది. నిండాక పైన మాత్రం మెల్లగా నొక్కు. నొక్కి తీస్తే కాస్త పైకి లేవాలి. వెలిగించకుండా ఒకసారి గాలి పీల్చి చూడు. గాలి రావాలి, ఆ వచ్చేటప్పుడు కొంచెం బిగువు తెలియాలి. బుగ్గలు లోపలికి పోయేంత బిగువుంటే మొహమాటపడకుండా మొత్తం గుమ్మరించి మళ్లీ నింపుకో. బిగించి కుక్కిన పైపును మధ్యలో బాగుచేయడం ఎవరివల్లా కాదు.

అగ్గిపుల్ల గీశాక గంధకం వాసన పోయేదాకా రెండు క్షణాలు ఆగు. మంటను పొగాకు మీద గుండ్రంగా తిప్పుతూ చిన్నచిన్నగా పీల్చు. పైన ఉన్న ఆకు ముక్కలు ఉబ్బి, మెలికలు తిరిగి, గిన్నె అంచు దాటి లేస్తాయి. అది ఆరిపోయినా బెంగలేదు, ఆరిపోవాలి కూడా. లేచిన ఆ నల్లటి పొరను పొగాకు నొక్కే ట్యాంపర్ అనే చిన్న పనిముట్టుతో, దాని సొంత బరువు మాత్రమే పడేలా, చదును చెయ్యి. రెండో పుల్లతో వెలిగించు. అసలు వెలిగించడం ఇదే.

ఇక్కణ్నించి నీకు కష్టమైన ఘట్టం: ఏమీ చేయకుండా ఉండటం. బర్లీ ఇట్టే అంటుకుంటుంది, ఇట్టే మండుతుంది, అందుకే లాగుదామని చెయ్యి దురద పెడుతుంది. లాగకు. నిప్పు బతికుండటానికి ఎంత గాలి కావాలో అంతే ఇవ్వు. పొగ కనీకనిపించకుండా ఉంటే నువ్వు సరిగ్గా తాగుతున్నావన్నమాట. పైపు గిన్నెను చెంపకు ఆనించి చూడు. ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే కింద పెట్టేసి మంచినీళ్లు తాగు. ఆరిపోతే ఆరిపోనీ, మళ్లీ వెలిగించుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. పొగను నోట్లో ఒక క్షణం ఉంచి వదిలేటప్పుడు కొంచెం ముక్కులోకి పోనిస్తే పల్లీ వాసన అక్కడ తెలుస్తుంది. ఊపిరితిత్తుల్లోకి మాత్రం దించకు.

సగం దాటాక బూడిద లేత రంగులోకి తిరుగుతుంది, రుచి చిక్కబడుతుంది. నేను బర్లీ తాగేదే ఆ కాసేపటి కోసం. పక్కన చక్కెర తక్కువ వేసిన ఫిల్టర్ కాఫీ ఉంటే కోకో చేదు, కాఫీ చేదు ఒకదానికొకటి అమరుతాయి. అడుగున మిగిలే తడి పొగాకును వదిలెయ్. పైసా వసూలు చేయాలని ఆఖరి పోగు దాకా కాలిస్తే నోరు చేదెక్కి, ముందు వచ్చిన రుచంతా మరిచిపోతావు.

ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. బర్లీలో నికొటిన్ ఎక్కువ, దాని పొగకు క్షారగుణం ఉంటుంది కనుక నోటి పొరలోంచే ఒంట్లోకి ఎక్కుతుంది. మింగలేదు, పీల్చలేదు, నాకేమవుతుందిలే అనుకోకు. వెక్కిళ్లు మొదలైనా, నుదుట చల్లటి చెమట పట్టినా పైపు పక్కన పెట్టి కూర్చో, తియ్యని టీ తాగు. భోజనం అయ్యాకే వెలిగించే అలవాటు చేసుకుంటే ఈ తిప్పలు రావు.

నువ్వు కొన్న మొక్కజొన్న కండె పైపు గురించి కూడా చెప్పాలి. మిస్సోరీలోని వాషింగ్టన్ అనే ఊళ్లో హెన్రీ టిబ్బి అనే డచ్చి వడ్రంగి 1869లో వీటిని తయారుచేయడం మొదలుపెట్టాడు, ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది. బర్లీకి ఇంతకంటే తగిన పైపు లేదు: చవక, తేలిక, చెమ్మ పీల్చుకుంటుంది. కొత్తదాన్ని వెలుతుర్లో పెట్టి లోపలికి చూడు, కర్ర గొట్టం కొస గిన్నె అడుగున పొడుచుకుని కనిపిస్తుంది. మొదట్లో ఆ కొస కాలి చెక్క వాసన వేస్తుంది. నీ “రుచీ పచీ లేదు”లో దాని వాటా కూడా ఉండవచ్చు. మొదటి నాలుగైదు సార్లు అడుగుదాకా కాల్చకుండా ఆపేస్తే సర్దుకుంటుంది. లోపలి కాగితపు ఫిల్టర్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి తాగి, నీకేది నచ్చితే అది ఉంచుకో. తాగాక పైపు చల్లారనిచ్చి, పైపు క్లీనర్ దూర్చి కాడ తుడిచి, మర్నాడంతా ఆరనివ్వు. వెనిల్లా పొగాకు తాగిన పైపులో బర్లీ పోయకు, ఆ వాసన ఒక పట్టాన వదలదు.

మిగిలిన పొగాకును బిగుతు మూత ఉన్న గాజు సీసాలో ఉంచు. ఎండిపోతుందని ఆపిల్ ముక్క వేయమని ఎవరైనా చెబితే వినకు, బూజు పడుతుంది.

దంతవైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు పైపు సంగతి దాచకుండా చెప్పు. నోట్లో మానని పుండో, తెల్లమచ్చో కనిపిస్తే రేపు చూద్దాంలే అనుకోకుండా చూపించుకో. మీ అమ్మకు ఈ ఉత్తరం చూపించకు. మరీ నిలదీసి అడిగితే రెండో పేరా ఒక్కటే చదివి వినిపించు.

ఇట్లు,
మామయ్య