నాన్నగారి వీర్ చక్ర అన్నయ్య ఒక్కడిదేనా?

ప్రశ్న: మా నాన్నగారు నేవీలో సెయిలర్. 1971 యుద్ధంలో కాల్పుల మధ్య గాయపడిన తోటివాళ్లను కాపాడినందుకు వీర్ చక్ర వచ్చింది. రెండేళ్ల క్రితం పోయారు, వీలునామా లేదు. మెడల్ అన్నయ్య దగ్గరుంది. పాత మెడల్స్ కొనేవాళ్లకు అమ్మేస్తానంటున్నాడు. ‘ఆడపిల్లవి, నీకేం హక్కు?’ అంటున్నాడు. మెడల్ మీద నెలనెలా వచ్చే డబ్బు కూడా ఆగిపోయింది. అమ్మ ఉన్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఈ రోజే మీరూ, మీ అమ్మగారూ కలిసి అన్నయ్యకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ‘మెడల్ మన ముగ్గురిదీ, అమ్మడానికి మేం ఒప్పుకోవడం లేదు’ అని రెండు ముక్కలు చాలు. ఇంత తొందర ఎందుకంటే, ఉమ్మడి వస్తువు మిగతావాళ్ల అనుమతితో ఒకరి దగ్గరే ఉన్నప్పుడు, సంగతి తెలియకుండా మంచి నమ్మకంతో కొన్నవాడికి పూర్తి హక్కు వచ్చేస్తుంది. 1930 సరుకుల అమ్మకపు చట్టం సెక్షన్ 28 చెప్పేది అదే. మీరు రాతపూర్వకంగా కాదంటే ఇక అనుమతి లేనట్టే. కొనేవాడెవరో తెలిస్తే అతనికీ ఒక కాపీ పంపండి. తర్వాత ‘నాకు తెలియదు’ అనలేడు.

ఇక హక్కు సంగతి. మీరు హిందువులైతే, నాన్నగారి స్వార్జితంలో భార్య, కొడుకు, కూతురు సమాన వారసులు. నాన్నమ్మ ఉంటే ఆవిడకూ వాటా ఉంటుంది. ఇది కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో హక్కిచ్చిన 2005 సవరణతో వచ్చింది కాదు, 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8లో మొదటినుంచీ ఉన్నదే. ప్రాణాలకు తెగించి సంపాదించిన వీర్ చక్ర కంటే స్వార్జితం ఇంకేముంటుంది? అన్నయ్య వినకపోతే సివిల్ కోర్టులో అమ్మకుండా ఆపమని ఇంజంక్షన్ దావా వేయండి, దాంతోపాటే తాత్కాలిక ఉత్తర్వు అడగండి. అమ్మేశాక డబ్బు ఇప్పించినా ఆ మెడల్ తిరిగి రాదు. జడ్జిగారికి ఈ మాటే గట్టిగా చెప్పించండి. అయితే మెడల్‌ను మూడు ముక్కలు చేయలేం కదా, అమ్మగారు ఉన్నన్నాళ్లూ ఆవిడ దగ్గరే ఉంచేలా రాజీకి వస్తే నాకు సంతోషం.

డబ్బు విషయంలో మాత్రం ఏ తగువూ లేదు. గ్రహీత తర్వాత ఆ అలవెన్సు చట్టబద్ధంగా పెళ్లయిన భార్యకు, ఆమె జీవితాంతం ఇవ్వాలి. ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది కదా అని ఊరుకోవద్దు, అది వేరు, ఇది వేరు. దీనికి మెడల్ చేతిలో ఉండక్కర్లేదు. అవార్డు ప్రకటించిన భారత గెజిట్ కాపీ, మరణ ధ్రువపత్రం, పెళ్లి రుజువు, పెన్షన్ కాగితాలు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. నాన్నగారి పాత బ్యాంకు పాస్‌బుక్కులు కూడా ఒకసారి చూడండి. వీర్ చక్ర అలవెన్సు నెలకు 3,500 నుంచి 7,000 రూపాయలైంది 2017 ఆగస్టు 1 నుంచి. ఆ తర్వాత కూడా పాత రేటే పడి ఉంటే, ఆ తేడా బకాయిని కూడా అదే అర్జీలో అడగండి.