మెయిలింగ్ లిస్టు రొదగా మారిందని దాన్ని మూసేయాలా?

మీ ప్రాజెక్టు డెవలపర్ లిస్టుకు రోజుకు వందకు పైగా మెయిళ్ళు వస్తున్నాయని, అందులో సగం యంత్రాలు పంపేవేనని, సీనియర్లు చదవడమే మానేశారని, లిస్టును మూసి అందరం చాట్‌కు మారిపోదామని కొందరు పట్టుబడుతున్నారని రాశారు. ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి ఎనిమిదేళ్ళుగా మెయింటైనర్‌గా (కోడ్ బాధ్యత చూసే వ్యక్తిగా), అందులో ఐదేళ్ళు లిస్టు మోడరేటర్‌గా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, దయచేసి మూసేయకండి. గోటితో పోయేదానికి గొడ్డలి అవసరం లేదు. ఒక నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రెండేళ్ళ తర్వాత చాట్‌లో వెతికి పట్టుకోవడం చాలా కష్టం, లిస్టు ఆర్కైవ్‌లోనైతే ఒక లింకుతో చూపించవచ్చు. అపాచీ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రాజెక్టుల్లో లిస్టు మీదికి రాని నిర్ణయాన్ని నిర్ణయంగా లెక్కించకపోవడానికి ముఖ్య కారణం మరొకటి: మనం నిద్రపోయే వేళ పనిచేసేవాళ్ళకు కూడా తమ మాట చెప్పుకునే వీలుండాలి.

ఈ విషయంలో నాకింత పట్టింపు ఒక సంఘటన వల్ల వచ్చింది. ఒక ఆప్షన్‌కు ఏ పేరు పెట్టాలన్న చర్చ మా లిస్టులో ఎనభై మెయిళ్ళు దాటిన వారంలోనే, అంతకుముందు ఎన్నడూ రాయని ఒక వ్యక్తి, ఫైలు పేరు మరీ పొడవుగా ఉంటే మా లైబ్రరీ మెమరీ హద్దు దాటి రాస్తోందని, దాన్ని నిరూపించే ఆరు లైన్ల ప్రోగ్రామ్‌ను జతచేసి పంపారు. అయితే కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, ఆ చర్చలోని ఏదో మెయిల్‌కు రిప్లై నొక్కి, సబ్జెక్ట్ మాత్రం మార్చారు. సబ్జెక్ట్ మారినా ఇన్-రిప్లై-టూ, రెఫరెన్సెస్ అనే హెడర్లు (మెయిల్‌తో కనబడకుండా వెళ్ళే సమాచార పంక్తులు) పాత థ్రెడ్‌నే, అంటే పాత చర్చనే, చూపిస్తాయి కాబట్టి, వాటిని బట్టి మెయిళ్ళను వరుస కట్టే నా మెయిల్ ప్రోగ్రామ్ దాన్ని ఆ పేర్ల చర్చ కిందనే పెట్టింది. ఆ థ్రెడ్‌ను నేను అప్పటికే మ్యూట్ చేశాను, మిగతా మెయింటైనర్లు కూడా అదే పని చేశారు. పదకొండు రోజుల తర్వాత ఆయనే మళ్ళీ రాసి, ఇది పట్టించుకోవలసినంత పెద్ద విషయం కాకపోతే క్షమించమన్నారు. ఆ సాయంత్రమే లోపాన్ని సరిచేశాం గానీ, ఆయన మళ్ళీ మా ప్రాజెక్టు వైపు రాలేదు. (భద్రతా లోపాలను బహిరంగ లిస్టుకు కాక విడిగా ఒక చిరునామాకు పంపమని ప్రాజెక్టు పరిచయ ఫైలైన రీడ్‌మీలో రాసి ఉండవలసింది, అది మా తప్పే. మీ దగ్గర అలాంటి చిరునామా లేకపోతే ఇవాళే పెట్టండి.)

అప్పటి నుంచి నేను రొదను మెయిళ్ళ సంఖ్యతో కొలవడం మానేశాను. తెరవకుండా ఇది నాకు సంబంధించినదో కాదో తేల్చుకోలేని మెయిలే రొద. లైనక్స్ కెర్నెల్ ప్రధాన లిస్టుకు రోజుకు వందల కొద్దీ మెయిళ్ళు వస్తాయి, అయినా పని సాగుతోంది. ఎందుకంటే ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపేవారు అది ఎన్నో సవరణో, వరుసలో ఎన్నో భాగమో, ఏ విభాగానికి చెందినదో సబ్జెక్ట్‌లోనే చెబుతారు. ఏ ఫైలుకు ఎవరు బాధ్యులో మెయింటైనర్స్ అనే ఫైలులో రాసి ఉంటుంది. ప్యాచ్‌ను ఎవరికి పంపాలో దాన్ని చదివి చెప్పే స్క్రిప్టు కూడా కోడ్‌తోపాటే ఉంటుంది.

అందుకే మొదట యంత్రాల మెయిళ్ళ పని పట్టండి. కమిట్లకు (కోడ్‌లో చేర్చిన మార్పులకు) ఒకటి, బగ్ ట్రాకర్‌కు (లోపాల నమోదుకు) ఒకటి చొప్పున విడి లిస్టులు పెట్టి, డెవలపర్ లిస్టును మనుషుల మాటలకే వదిలేయండి. బిల్డ్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా కూర్చడం) విజయవంతమైన ప్రతిసారీ మెయిల్ అక్కర్లేదు, బాగున్నది చెడినప్పుడు, చెడినది బాగైనప్పుడు వస్తే చాలు. చదివేవారిని సబ్జెక్ట్‌లోని పదాల మీద కాకుండా, మెయిల్ ఏ లిస్టుదో చెప్పే లిస్ట్-ఐడీ హెడర్ మీద ఫిల్టర్ పెట్టుకోమనండి. 2001లో ఆర్ఎఫ్‌సీ 2919 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దాన్ని నిర్వచించింది, లిస్టు పేరును ఎవరు ఎలా రాసినా అది మారదు. సెలవులో ఉన్నానంటూ వచ్చే ఆటోమేటిక్ జవాబుల్లో చాలావాటికి ఆటో-సబ్మిటెడ్ అనే హెడర్ ఉంటుంది, దాన్ని బట్టి సర్వర్ దగ్గరే ఆపేయవచ్చు.

మనుషుల వల్ల పుట్టే రొద ఇంతకంటే కష్టమైనది. 1999లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ లిస్టులో, స్లీప్ కమాండ్ (చెప్పినంతసేపు ఆగేది) సెకనులో భాగాలను కూడా అంగీకరించాలా అన్న చిన్న ప్రతిపాదన పెద్ద వాదంగా మారినప్పుడు, ఆ ప్రాజెక్టు డెవలపర్ పౌల్-హెన్నింగ్ కాంప్ దాని మూలాన్ని సరిగ్గా పట్టుకున్నారు: అందరికీ అర్థమయ్యే చిన్న విషయం మీదే అందరూ మాట్లాడతారు, కొద్దిమందికే అర్థమయ్యే పెద్ద విషయం మౌనంగా గడిచిపోతుంది. మా దగ్గర పనిచేసిన ఉపాయం, ప్రతిపాదించినవారే ఇరువైపుల వాదాలను ఒక్క మెయిల్‌లో కూర్చి, డెబ్బై రెండు గంటల గడువిచ్చి, అభ్యంతరం రాకపోతే అంగీకారంగానే తీసుకుంటామని ముందే చెప్పడం. దాంతో ఔనంటూ వచ్చే ఒక్క పదపు మెయిళ్ళు దాదాపు ఆగిపోయాయి.

అతిగా రాసేవారిని లిస్టులో అందరి ముందూ మందలించకండి. నేను తొలినాళ్ళలో ఆ పొరపాటు చేస్తే, ఆ మందలింపు న్యాయమా కాదా అన్న చర్చే మరో ఇరవై మెయిళ్ళు తెచ్చింది. ఇప్పుడు విడిగా రెండు వాక్యాలు రాస్తాను: “ఈ థ్రెడ్‌లో ఇవాళ మీవి తొమ్మిది మెయిళ్ళు వచ్చాయి. మిగిలిన అభ్యంతరాలన్నీ కలిపి రేపు ఒకే మెయిల్‌గా పంపితే, మీ వాదనను అందరం పూర్తిగా చదువుతాం.” ఇది చదివి నొచ్చుకున్నవారు ఒకరిద్దరే.

డైజెస్ట్ (చాలా మెయిళ్ళు కలిసి ఒకే మెయిల్‌గా రావడం) పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. చదివి ఊరుకునేవారికి అది మంచిదే గానీ, జవాబులు రాసేవారికి నేను సిఫారసు చేయను, ఎందుకంటే మామూలు డైజెస్ట్‌కు నేరుగా జవాబిస్తే సబ్జెక్ట్ పోతుంది, థ్రెడ్ తెగుతుంది.

చివరగా, కొత్తవారి మొదటి మెయిల్‌ను మోడరేషన్‌లో ఆపే సదుపాయం లిస్టులు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన మెయిల్‌మాన్‌లో ఉంది. స్పామ్‌ను ఆపడానికి దాన్ని తప్పకుండా వాడండి, కానీ ఆ క్యూను చూసే బాధ్యతను వేర్వేరు టైమ్ జోన్లలో ఉన్న ఇద్దరికి పేరుపేరునా అప్పగించండి, ఏ మెయిలూ అందులో ఒక రోజుకు మించి ఉండకూడదు. తప్పు థ్రెడ్‌లోకి వచ్చిన మంచి మెయిల్ ఏదైనా కనిపిస్తే, మోడరేటరే దాన్ని కొత్త థ్రెడ్‌గా మొదలుపెట్టి, రాసినవారి పేరును మొదటి వాక్యంలోనే చెప్పి, వారికీ ఒక కాపీ పంపాలి. మా దగ్గర ఇప్పుడు ఈ పని నేనే చూస్తున్నాను, రోజుకు పది నిమిషాలకు మించి పట్టదు.