నలభై క్యారవాన్ల కార్పెట్లకు రేటు ఎలా చెప్పాలి?

ఉలవపాడు నుంచి ఇంగ్లండ్ వచ్చి లింకన్‌షైర్ తీరాన ఉంటున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా ఆవిడ ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇళ్ళల్లో కార్పెట్ క్లీనింగ్ చేస్తున్నాను. వ్యాన్, మెషీన్ నావే. ఇప్పుడు స్కెగ్నెస్ దగ్గర ఒక హాలిడే పార్క్ వాళ్ళు నలభై క్యారవాన్లలో, అంటే సెలవులకొచ్చేవాళ్ళు దిగే చిన్న ఇళ్ళలాంటి వాటిలో, కార్పెట్లు కడగడానికి రేటు అడిగారు. ఇళ్ళకైతే గదికి ఇంత అని చెప్తాను. ఇంత పెద్ద పని కదా, ఎంత తగ్గించి చెప్పమంటావు? ఊళ్ళో నాన్నేమో బేరం వదులుకోవద్దురా అని రోజూ ఫోన్ చేస్తున్నాడు."

తమ్ముడూ, తగ్గించడం గురించి తర్వాత. ముందు నీకు ఎంత పడుతుందో లెక్క తేలాలి. మాది సింగరాయకొండ, నీకు చెప్పేదేముంది, మన వైపు రొయ్యలు కొనేవాడు చెరువు ఎన్ని ఎకరాలని అడిగి రేటు చెప్పడు. వల వేయించి, కిలోకి ఎన్ని తూగుతున్నాయో కౌంట్ చూసి, అప్పుడు నోరు తెరుస్తాడు. ఒక రోజులో ఎన్ని క్యారవాన్లు పూర్తవుతాయన్నదే నీ కౌంట్. అది తెలియకుండా నలభైకీ కలిపి గుత్తకు మాట్లాడుకున్నావంటే మునిగిపోతావు.

అందుకని పార్క్ వాళ్ళతో, "ముందు ఒక క్యారవాన్ చేసి చూపిస్తాను, దానికి డబ్బులివ్వండి, తర్వాత కొటేషన్ ఇస్తాను" అను. ఉచితంగా చేయకు. బాగున్నది కాకుండా మధ్యరకంగా మాసిన క్యారవాన్ అడుగు. ఫోన్‌లో టైమర్ పెట్టుకో. వ్యాన్ తలుపు తీసిన దగ్గర్నుంచి పైపులు చుట్టి మళ్ళీ తలుపు వేసేదాకా ఎంత పట్టిందో రాసుకో. చాలామంది మెషీన్ తిరిగిన సమయమే లెక్కేస్తారు. మెట్ల మీదుగా మెషీన్ ఎక్కించడం, నీళ్ళు పట్టడం, మురికి నీళ్ళు పారబోయడం, తాళం చెవుల కోసం ఆఫీసుకు తిరగడం, ఇవన్నీ నీ టైమే.

సముద్రం పక్కన క్యారవాన్ అంటే ముందు ఇసుక. మైపాడు బీచ్ నుంచి ఇంటికొచ్చాక పిల్లల కాళ్ళ కింద ఎంత ఇసుక రాలుతుందో తెలుసు కదా, ఇక్కడ సీజన్ అంతా అదే పని. కార్పెట్ పోగుల అడుగున పేరుకుపోతుంది. పొడిగా ఉండగానే వాక్యూమ్‌తో లాగేయాలి. తడిపితే అది బురదై మెషీన్‌లో, పైపులో చేరుతుంది. ఇళ్ళల్లో రెండు నిమిషాల్లో ముగించే వాక్యూమ్ ఇక్కడ పావుగంట తింటుంది. ఆ తర్వాత మందు చల్లి పది నిమిషాలు నాననిచ్చి, వేడి నీళ్ళతో కడిగి ఆ నీళ్ళు మెషీన్‌తో లాగేయడం. సోఫాలు చాలావరకు గోడకు బిగించి ఉంటాయి కాబట్టి సామాను జరిపే పని తక్కువ. వంటగది, బాత్‌రూమ్‌లలో మామూలుగా కార్పెట్ ఉండదు.

లోపలికి అడుగు పెట్టగానే గుమ్మం దగ్గర, బాత్‌రూమ్ తలుపు దగ్గర మడమతో గట్టిగా నొక్కి చూడు. చాలా క్యారవాన్లలో కార్పెట్ కింద నేల చిప్‌బోర్డే, అంటే చెక్కపొట్టు అతికించి చేసిన పలక. ఎప్పుడో నీళ్ళు కారి ఉబ్బిపోయి ఉంటే కాలు మెత్తగా దిగుతుంది. నువ్వు కడిగిన మర్నాడు ఎవరైనా చూస్తే ఆ నింద నీ మీదే పడుతుంది. పని మొదలుపెట్టకముందే ఫోటో తీసి మేనేజర్‌కు పంపు. అలాంటి చోట నీళ్ళు బాగా తగ్గించు, లాగడం రెండుసార్లు చెయ్యి.

ఇప్పుడు లెక్క. అంకెలు కేవలం ఉదాహరణకే, నీ అంకెలు నువ్వు వేసుకో. ఇద్దరు మనుషులు, రోజుకు ఆరు క్యారవాన్లు అనుకుందాం. ఒక్కో మనిషికి గంటకు 15 పౌండ్ల చొప్పున ఎనిమిది గంటలకు 120, ఇద్దరికి 240. డీజిల్ 25, మందులు 15, మెషీన్, వ్యాన్ అరుగుదల 40, ఇన్సూరెన్స్, ఫోన్ వగైరా 15. మొత్తం 335. దాని మీద మిగులు వేసుకుంటే రోజుకు 400 దాకా రావాలి. ఆరుతో భాగిస్తే ఒక్కో క్యారవాన్‌కు దాదాపు 67. పెద్ద పని కదా అని 35 చెప్పావనుకో. రోజుకు వచ్చేది 210. కూలి కాక మిగతా ఖర్చులు 95 తీసేస్తే 115 మిగులుతుంది. ఇద్దరి పదహారు గంటలకు పంచితే గంటకు ఏడు పౌండ్ల పైచిలుకు. 2025 ఏప్రిల్‌లోనే ఇక్కడ 21 ఏళ్ళు నిండిన వాళ్ళకు చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. నీతో పనిచేసేవాడికి ఎనిమిది గంటలకు ఆ కూలే ఇచ్చినా నీకు మిగిలేది పదిహేడు పౌండ్లు, అదీ రోజంతా నడుము వంచితే!

పెద్ద పని అయితే నీకు నిజంగా కలిసొచ్చేది ఒక్కటే, ఒకే చోట వరుసగా చేయడం. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వ్యాన్ నడిపే టైము మిగులుతుంది. ఆ మిగిలిన దాంట్లోంచే తగ్గింపు ఇవ్వు, నీ కూలిలోంచి కాదు. అయితే ఆ మిగులు ఉండాలంటే క్యారవాన్లు వరసగా, ఖాళీగా దొరకాలి. సీజన్‌లో అలా దొరకవు. పొద్దున పదింటికి పాతవాళ్ళు వెళ్తారు, సాయంత్రం నాలుగింటికల్లా కొత్తవాళ్ళు దిగుతారు. మధ్యలో పక్కలు మార్చేవాళ్ళు కూడా అదే ఇరుకులో తిరుగుతుంటారు. పైగా కార్పెట్ ఆరడానికి మామూలుగా ఆరు గంటల నుంచి పన్నెండు గంటలు పడుతుంది. తడి కార్పెట్ మీదకు పిల్లలతో ఒక కుటుంబం దిగిందంటే మొదటి కంప్లయింట్ నీ మీదే. గెస్టులు మారే రోజున చేయమంటే నాకైతే ఆ పని వద్దు. తప్పదంటే దానికి వేరే రేటు, ఎక్కువ రేటు చెప్పు.

సీజన్ అయ్యాక చేయడమే మేలు. కానీ అప్పుడూ ఒక తిరకాసు ఉంది. చలికాలంలో పైపులు గడ్డకట్టి పగలకుండా క్యారవాన్లలో నీళ్ళు పూర్తిగా దించేస్తారు. ఆ తర్వాత నువ్వు వెళ్తే కుళాయిలో చుక్క రాదు. నీళ్ళు ఏ తేదీన దించుతారు, కరెంటు, హీటింగ్ ఉంటాయా అని ముందే అడుగు. హీటింగ్ లేకపోతే నవంబర్‌లో కార్పెట్ రెండ్రోజులకు కూడా ఆరదు. రెండు ప్లగ్గుల మెషీన్ అయితే రెండూ ఒకే లైన్ మీద పెట్టకు, ఫ్యూజ్ ఎగిరిపోతుంది. మురికి నీళ్ళు ఎక్కడ పోయాలో కూడా కనుక్కో. వాన నీటి కాలవలో పోయకూడదు, అది నేరుగా వాగులోకో సముద్రంలోకో పోతుంది.

ఇంకొకటి, ఆ నలభై ఎవరివి? పార్కుల్లో కొన్ని పార్క్ సొంతం, కొన్ని విడి ఓనర్లవి. బిల్లు ఎవరు కడతారో కాగితం మీద తేలాలి. పదేసి క్యారవాన్లకు ఒక బిల్లు వేస్తానని చెప్పు, నలభై అయ్యేదాకా ఆగకు. గడువు ఏమీ రాసుకోకపోతే 30 రోజుల తర్వాత ఆలస్యం కిందే లెక్క. కంపెనీలు ఆలస్యం చేస్తే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటుకు పైన ఇంకో 8 శాతం కలిపి వడ్డీ అడిగే హక్కు 1998 నాటి చట్టం ఇచ్చింది.

ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి తీసి చదువు. మామూలు పబ్లిక్ లయబిలిటీ, అంటే నీ వల్ల బయటివాళ్ళకు నష్టం జరిగితే కట్టే పాలసీ, చాలావాటిలో నువ్వు చేతిలో పెట్టుకుని పని చేస్తున్న వస్తువుకే నష్టం జరిగితే పైసా రాదు. ట్రీట్‌మెంట్ రిస్క్ అనే కవర్ విడిగా ఉండాలి. నలభై కార్పెట్లలో ఒకటి ముడుచుకుపోయినా తట్టుకునే స్థితి కాదు నీది. సాయానికి మనిషిని జీతానికి పెట్టుకుంటే ఎంప్లాయర్స్ లయబిలిటీ, అంటే పనిలో ఆ మనిషికి దెబ్బ తగిలితే కట్టే ఇన్సూరెన్స్, తప్పనిసరి. డిపెండెంట్‌గా నీకు సొంత వ్యాపారం చేసుకునే హక్కు ఉంది, దాని గురించి టెన్షన్ వద్దు. కానీ స్టూడెంట్ వీసా మీద ఉన్న మన కుర్రాణ్ణి "నువ్వే సొంతంగా బిల్లు వేసుకో" అని పిలవకు. వాళ్ళకు స్వయం ఉపాధి నిషేధం, వాడి చదువే పోతుంది. వ్యాట్ మాటకొస్తే, పన్నెండు నెలల అమ్మకాలు 90,000 పౌండ్లు దాటేదాకా నువ్వు రిజిస్టర్ కానక్కర్లేదు.

కొటేషన్‌లో మరకల గురించి ఒక వాక్యం ఉండాలి: బ్లీచ్ పడి రంగు పోయినవి, కాలినవి పోవు, కుక్కల మూత్రం వాసనకు విడిగా చార్జీ. కుక్కల్ని అనుమతించే క్యారవాన్లు ఎన్నో విడిగా అడిగి వాటి రేటు వేరుగా రాయి. తాళాలు అందక, లోపల మనుషులుండి ఆగిపోయిన గంటలకు ఇంత అని కూడా రాయి. రేటు ఏ తేదీ వరకు చెల్లుతుందో కింద వేసి, ఈమెయిల్‌లో వాళ్ళు సరే అన్నాకే మందులు కొను. ఈ వారమే ఫోన్ చేసి ఆ ఒక్క క్యారవాన్‌కు తేదీ తీసుకో, అది చేశాక నీకు ఎన్ని గంటలు పట్టిందో నాకు రాసి పంపు, లెక్క కలిసి వేద్దాం.