హ్యాష్‌లన్నీ మళ్లీ లెక్కగడితే బ్లాక్‌చెయిన్‌ను మార్చేయొచ్చు కదా?

మీ అనుమానం సబబేనండి. బ్లాక్‌చెయిన్ అంటే లావాదేవీలు రాసిన బ్లాకుల గొలుసు. ప్రతి బ్లాక్‌లో దాని ముందు బ్లాక్ హ్యాష్, అంటే అందులోని సమాచారం నుంచి లెక్కగట్టిన వేలిముద్రలాంటి సంఖ్య, ఉంటుంది. పాత బ్లాక్‌లో ఒక అంకె మార్చి, తర్వాతి హ్యాష్‌లన్నీ మళ్లీ లెక్కగట్టుకుంటే గొలుసు అతుక్కుపోతుంది కదా అన్నారు. హ్యాష్ ఒక్కటే కాపలా అయితే అంతే, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

అసలు అడ్డంకి హ్యాష్‌కు పెట్టిన షరతులో ఉంది. బిట్‌కాయిన్‌లో బ్లాక్ హ్యాష్ ఒక నిర్ణీత సంఖ్యకు మించకూడదు. అలాంటిది దొరికేదాకా నాన్స్ (బ్లాక్‌లో ఇందుకోసమే ఉంచిన అంకె) మార్చి మార్చి చూడాల్సిందే, దగ్గరిదారి లేదు. మైనింగ్ (ఇలా వెతికి కొత్త బ్లాక్ చేర్చడం) చేసేవాళ్లంతా ఒకేసారి తంటాలు పడితే సగటున 10 నిమిషాలకు ఒక బ్లాక్ వస్తుంది. యంత్రాలు పెరిగి బ్లాకులు త్వరగా వస్తుంటే షరతు బిగుస్తుంది. 2016 బ్లాకులకోసారి ఈ సవరణ. మీరు పాతవి తిరగరాస్తుండగానే వాళ్లు కొత్తవి చేర్చేస్తుంటారు. నోడ్‌లేమో (గొలుసు కాపీ ఉంచుకుని సరిచూసే కంప్యూటర్లు) ఎక్కువ పని పోగైన గొలుసునే ఒప్పుకుంటాయి.

సగానికి మించిన కంప్యూటింగ్ శక్తి ఒకరి చేతిలో పడితే మాత్రం మీరన్నది సాధ్యమే. 2020 ఆగస్టులో ఇథీరియం క్లాసిక్ అనే మరో క్రిప్టోకరెన్సీకి జరిగింది అదే. అప్పుడైనా ఇతరుల డిజిటల్ సంతకం పెట్టలేరు, అంటే వాళ్ల సొమ్మును ఖర్చు పెట్టలేరు. తాము చేసిన చెల్లింపును చెరిపేసి, అదే సొమ్మును మళ్లీ ఖర్చు పెట్టగలరు. బిట్‌కాయిన్‌లో పెద్ద మొత్తం తీసుకునేటప్పుడు 6 బ్లాకులు పడేదాకా ఆగమనేది ఇందుకే, బ్లాకులు పెరిగేకొద్దీ తిరగరాయడం కష్టమవుతుంది.