కోచ్‌గారికీ సోమవారం ఆఫీసుంది

"అన్నా, మావాణ్ణి పిల్లలు సరదాగా ఆడే సాకర్ రెక్ లీగ్‌లో చేర్పించాం. వాళ్ల కోచ్‌కి ఆట సరిగ్గా వచ్చినట్టు లేదు. ఫీజు కట్టాం కదా, గట్టిగా అడగొచ్చా?" కొత్తగా అమెరికా వచ్చిన ఒక తమ్ముడు మొన్న వేసిన ప్రశ్న ఇది. ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నేనూ ఒకప్పుడు అడిగినవాణ్ణే.

ఆ కోచ్ కూడా మీలాగే ఆ జట్టులో ఒక పిల్లాడి తండ్రో తల్లో. జీతం లేదు. మీరు కట్టిన ఫీజు మైదానానికి, జెర్సీలకు, ఇన్సూరెన్సుకు పోతుంది. "కోచ్ దొరక్కపోతే టీమ్ ఉండదు" అని లీగ్ వాళ్లు మెయిల్ పెడితే, మనమంతా చూడనట్టు ఊరుకున్నప్పుడు సరే అన్న మనిషి ఆయన. ఒప్పుకున్న పాపానికి నేరచరిత్ర ఉందేమో చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఆటల్లో పిల్లలపై వేధింపులు జరగకుండా చూసే సేఫ్‌స్పోర్ట్ శిక్షణ, తలదెబ్బల మీద ఇంకో కోర్సు పూర్తి చేసి వచ్చాడు.

రెక్ లీగ్ అంటే గెలవడానికి పెట్టింది కాదన్న సంగతి మనవాళ్లకు ఓ పట్టాన ఎక్కదు. 1964లో కాలిఫోర్నియాలో మొదలైన ఏవైఎస్ఓ (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్) లీగ్‌లో ప్రతి పిల్లాడూ కనీసం సగం ఆట ఆడాల్సిందే. మీవాడు గోల్స్ మీద గోల్స్ కొడుతున్నా కాసేపు బయట కూర్చోబెడతారు. అది కోచ్ తెలివితక్కువతనం కాదు, ఆయన రూలు పాటిస్తున్నాడంతే.

గీత బయట నిలబడి అరవడం గురించి నా నిర్వాకమే చెబుతాను. మావాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. బంతి గాల్లో వాడి మీదికే వస్తోంది. "తలతో కొట్టరా!" అని అరిచాను. తెలుగులోనే కదా, ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాను. అర్థం కావాల్సినవాడికి అయింది. వాడు ఒక్క క్షణం కోచ్ వైపు చూసి, నా వైపు చూసి, నా మాటే విన్నాడు. వెంటనే విజిల్. పదేళ్లు, ఆ లోపు పిల్లలు కావాలని తలతో కొట్టకూడదని 2016 నుంచి అమెరికా సాకర్ సమాఖ్య యూఎస్ సాకర్ నియమం ఉంది. ఫ్రీ కిక్ అవతలి జట్టుకి వెళ్లింది. కోచ్ నన్నేమీ అనలేదు. మావాడు మాత్రం మిగతా ఆటంతా నాకు దూరంగా, అవతలి గీత దగ్గరే ఆడాడు.

ఆలస్యం ఇంకో జబ్బు. ప్రాక్టీస్ అయ్యాక ఇరవై నిమిషాలకు తాపీగా వెళ్లాను ఒకసారి. మైదానంలో మావాడు, కోచ్, కోచ్ కూతురు, వాళ్లతో పాటు సంబంధం లేని ఇంకో తల్లి. ఒక్క పెద్దమనిషి వేరేవాళ్ల పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదన్న నియమం వల్ల ఆవిడ కూడా నాకోసం ఆగిపోయింది. ఆవిడకు సారీ చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

ఫిర్యాదు ఉంటే ఆట అయిన వెంటనే పార్కింగ్ లాట్‌లో మొదలుపెట్టకండి. మర్నాడు, పిల్లలు పక్కన లేనప్పుడు ఫోన్ చేయండి. పిల్లల భద్రత విషయమైతే మాత్రం మర్నాటి దాకా ఆగొద్దు, నేరుగా లీగ్ వాళ్లకు చెప్పేయండి. పిల్లాడి తలకు దెబ్బ తగిలితే, శనివారం మ్యాచ్ పోతుందని దాచకుండా కోచ్‌కి చెప్పండి.

ప్రాక్టీస్‌కి వస్తారో రారో యాప్‌లో జవాబివ్వండి. పన్నెండు మందిలో నలుగురే జవాబిస్తే ఆయన దేన్ని చూసి ప్లాన్ చేసుకుంటాడు? చివర్లో కోన్లు ఏరి, గోల్ పోస్టులు మోయడానికి ఆట రానక్కర్లేదు.

"నాకు క్రికెట్ తప్ప ఏదీ రాదన్నా" అన్నాడు ఆ తమ్ముడు. మెయిళ్లు పంపడం, వంతుల జాబితా రాయడం వచ్చు కదా అన్నాను. టీమ్ మేనేజర్ పని అంతే. వాళ్ల జట్టులో ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందట. దానికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, సీజన్ మొదలయ్యేలోపే పేరు ఇవ్వమన్నాను.