పల్లీ అలర్జీ మీద పాట: ఇలా చేసి చూడండి

మేడమ్ గారూ, పల్లీ అలర్జీ స్లైడ్లు చూసి మీ తొమ్మిదో తరగతి పిల్లలు ఆవులిస్తున్నారన్నారు కదా, వాటిని పక్కన పెట్టేయండి. బెంచీ మీద దరువేస్తూ ర్యాప్ కట్టమనండి. పాట వాళ్లే రాస్తారు, మీరు విషయం సరిచూస్తే చాలు. పల్లవి ఒక్క పనే చెప్పాలి: “పల్లీ ఉందా? అడిగి తిను!” చరణంలో చిక్కీ, పులిహోర, చట్నీ రావాలి. కొబ్బరి చట్నీలోనూ పల్లీలు కలుపుతారని మా పిల్లలకు తట్టనే లేదు! తర్వాత అలర్జీ లక్షణాలు రావాలి: పెదాలు వాచడం, దద్దుర్లు, ఊపిరాడకపోవడం. అప్పుడు డాక్టర్ రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడకు, వెంటనే 108కి ఫోన్. సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్ర వేసి చూద్దాంలే అనుకోకూడదన్నది కచ్చితంగా ఉండాలి. అలర్జీ ఉన్న అబ్బాయిని మాత్రం అడక్కుండా స్టేజీ ఎక్కించకండి.